రాని శుక్రవారం

గురువారం రాత్రి పడుకున్న సమోవా శనివారం పొద్దున లేచింది. 2011 డిసెంబరు ఇరవై తొమ్మిది తరవాత ముప్ఫై ఒకటి వచ్చింది. మధ్యలో రావలసిన శుక్రవారం రాలేదు.

ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. పసిఫిక్ సముద్రంలోని ఆ చిన్న దీవుల దేశంలో ప్రభుత్వం ఆ రోజుని కొట్టేస్తూ నెలల ముందే చట్టం చేసింది. రేడియో పొద్దస్తమానం చెప్పింది. అయినా తెల్లారేసరికి సలేవావ్ ఊరి జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి, పోయినదేమైనా కనబడుతుందేమో అన్నట్టు సముద్రం వైపు చూశారు. అవే కెరటాలు. అవే కోళ్ళు.

లెపెకా చాప చుట్టి లేచేసరికి ఆడబిడ్డ ఫిలిపా అప్పటికే పొయ్యి మీద కోకో కాస్తోంది.

"లేచావా? ఇవాళ శనివారం. నీ శుక్రవారం సముద్రంలో పడిపోయింది. కావాలంటే ఈదుకుంటూ పోయి తెచ్చుకో," అంది.

"తెచ్చినా పెట్టుకోడానికి చోటేదీ వదినా?" అంది లెపెకా.

ఆ శుక్రవారంతో లెపెకాకి పని ఉంది. ఆమె భర్త, ఊరి బడి పంతులు ఎనోకా ఉన్న రోజుల్లో ప్రతి శుక్రవారం, సాయంత్రం ప్రార్థన అయ్యాక, ఆ ఇంట్లో జనం కూడేవారు. గోడల్లేని ఇల్లు కాబట్టి ఎవరినీ పిలవక్కర్లేదు. చూరు కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. వారమంతా ఎవరికి తోచిన ప్రశ్న వాళ్ళు కాగితం మీద రాసి అందులో వేసేవారు. ఎనోకా ఒక్కొక్కటీ తీసి చదివి జవాబు చెప్పేవాడు. సముద్రం నిండా చేపలుండగా డబ్బాలో చేప అంత ప్రియమెందుకని ఒకరు అడిగితే, "నువ్వు కొనేది చేపని కాదయ్యా. ఆ రేకునీ, దాన్ని మోసుకొచ్చిన ఓడ తాగిన నూనెనీ కొంటున్నావు. చేప నీకు ఊరికే వస్తోంది," అనేవాడు. ఐసు వేసిన గ్లాసుకి చెమటెందుకు పడుతుందని అడిగితే, "అది గ్లాసు చెమట కాదు. గాలిలో తిరిగే నీళ్ళు, చల్లని చోటు కనబడగానే వచ్చి కూర్చున్నాయి. మీరు మా ఇంటికొచ్చి కూర్చోలేదూ?" అనేవాడు. నా కొబ్బరిచెట్టు పక్కవాడి వైపు వంగి కాయ రాల్చింది, కాయ ఎవరిదని ఒకడు పట్టుబడితే, "కోర్టు తేల్చేలోపు అది మొలకెత్తి ఇంకో చెట్టవుతుంది. ముందు ఇద్దరూ దాన్ని కొట్టుకుని తాగండి," అన్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అతని గుండె ఆగిపోయింది. ఆ తరవాత లెపెకా డబ్బా తెరవలేదు. జనం మాత్రం చీటీలు వెయ్యడం మానలేదు. లెపెకా కూడా అదే బడిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషే, జవాబులు తెలియక కాదు. సంవత్సరంలో చివరి శుక్రవారం తెరుస్తానని తనకి తాను మాట ఇచ్చుకుంది. ఆ రోజు క్యాలెండరులో లేదని గుర్తొచ్చింది గురువారం సాయంత్రం. గుర్తొచ్చినప్పుడు ఆమెకి ముందుగా కలిగింది ఊరట. ఆ ఊరటకి ఆమె సిగ్గుపడింది.

కోకో ఇంకా చల్లారలేదు, బాట మీద నుంచి ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

"టీచరమ్మా! టీచరమ్మా! లారీ రాలేదు!"

పెనియమీనా. నలభై ఏళ్ళ మనిషి. ఊరి సభలో, అంటే ఫోనోలో, అన్నిటికన్నా చివరి స్తంభం దగ్గర కూర్చునే కుటుంబ పెద్ద. చేతులు మోచేతుల దాకా రాతిదుమ్ముతో నల్లగా ఉన్నాయి.

"ఏ లారీ?" అంది లెపెకా.

"మా బామ్మర్దుల లారీ టీచరమ్మా! రాళ్ళ లారీ! శుక్రవారం వస్తామన్నారు. ఏదీ శుక్రవారం?"

లెపెకా చేతిలో కప్పు కింద పెట్టేసింది.

సలేవావ్‌లో ఊరికీ తోటలకీ మధ్య నల్లరాతి గోడ ఉంటుంది. పందులు తోటల్లో పడకుండా కట్టినది. గోడలో ఏ భాగం ఏ కుటుంబం చూసుకోవాలో తాతల నాడే పంచుకున్నారు. పెనియమీనా వంతు గోడ ఏడాదిలో రెండోసారి కూలింది. కూలడానికి మంచి రోజే చూసుకుంది. క్రిస్మస్ పొద్దున ఊరంతా చర్చిలో గొంతెత్తి పాడుతుంటే, పందులు నింపాదిగా లోపలికి నడిచి, పాస్టరుగారి చేమదుంపల తోట ఈ చివర నుంచి ఆ చివర దాకా దున్నేశాయి. మర్నాడు, సోమవారం, ఫోనో కూడింది. ఏడు రోజుల్లో ఇరవై బారల గోడా కొత్తగా కట్టాలి, లేకపోతే పెనియమీనా కుటుంబం ఊరు విడిచి పోవాలి. అదీ తీర్పు.

ఊరు విడిచి పోవడమంటే ఇల్లు, తోట, అమ్మానాన్నల సమాధులు అన్నీ వదిలి పోవడమే. అదే రోజు సాయంత్రం పెనియమీనా లెపెకా దగ్గరికి వచ్చాడు. ఎనోకా ఉంటే ఎనోకాని అడిగేవాడు. పనిని రోజులకి ఎలా పంచుకోవాలో కాగితం మీద రాసిమ్మన్నాడు. ఆమె రాసిచ్చింది.

ఆ కాగితం ఇప్పుడు అతను ముందుకు చాపాడు. గుండ్రటి అక్షరాలు, పిల్లలకి బోర్డు మీద రాసినట్టే. మంగళవారం నుంచి గురువారం దాకా దగ్గర్లో దొరికిన రాళ్ళతో పదకొండు బారలు. శుక్రవారం లారీ, ఇరవై మంది మనుషులు, తొమ్మిది బారలు. శనివారం, ఏమైనా మిగిలితే.

నవంబరులో ఆమె మూడో తరగతి పిల్లలకి ఒక నారింజకాయా ఒక మేకూ పట్టుకుని, ఈ శుక్రవారం ఎందుకు రాదో గంటసేపు చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఐదారు వారాలైనా గడవకముందే అదే చేత్తో ఆ శుక్రవారానికి తొమ్మిది బారల పని రాసింది.

"నేనే," అంది లెపెకా. "తప్పు నాదే పెనియమీనా."

ఈలోగా పెనియమీనా భార్య లూసియా ఫోను చెవి దగ్గర పెట్టుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"మీ అన్న ఏమంటాడు?" అన్నాడు పెనియమీనా.

"ఇవాళ లారీని పెళ్ళికి ఒప్పుకున్నాడంట. రేపు ఆదివారం, కదలరు. సోమవారం పొద్దున్నే బయల్దేరతానంటున్నాడు."

"సోమవారం పొద్దున్న ఫోనో! మమ్మల్ని వెళ్ళగొట్టాక వచ్చి ఎవరి గోడ కడతాడు? శుక్రవారం లేదని ఆయనకి తెలీదా?"

"తెలుసంట! మీకూ తెలుసు కదా, ఏ రోజు రావాలో మీరే చెబుతారనుకున్నాడంట!"

ఫిలిపా కోకో గరిటె గాల్లో ఊపింది. "ఇరవై మంది మగాళ్ళు, ఒక లారీ, ఒక టీచరు. ఇంతమందిలో ఒక్కరికి వారం లెక్కపెట్టడం రాలేదు! దేవుడు ఆరు రోజుల్లో లోకం చేశాడు, మీ చేతికిస్తే ఇంకా ఏ రోజన్నది వెతుకుతూ ఉండేవాళ్ళు!"

ఆ శనివారం ఎవరూ కూర్చోలేదు. దగ్గర్లో రాళ్ళు అయిపోయాయి. పెనియమీనా, అతని తమ్ములిద్దరూ, లూసియా, వాళ్ళతో పాటు లెపెకా, పాత లావా పారిన చోటికి పోయి రాళ్ళు మోసుకొచ్చారు. రాను మైలు, పోను మైలు. యాభై రెండేళ్ళ టీచరు తలమీద కొబ్బరాకుల చుట్ట పెట్టుకుని రాయి మోస్తుంటే దారిలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. సాయంత్రం శంఖం ఊదేసరికి మూడు బారలు లేచాయి. ఇంకా ఆరు బారలు ఖాళీగా ఉంది. తెల్లారితే ఆదివారం. ఆదివారం రాయి ముట్టుకుంటే అది ఇంకో నేరం.

ఆదివారం చర్చీ భోజనాలూ అయి, పొద్దు వాలుతుండగా లెపెకా చూరు కింద నుంచి డబ్బా దించింది. శుక్రవారం కాదు. ఎవరూ రాలేదు. ఎనోకా అయితే ఈ చిక్కులోంచి ఎలా బయటపడేవాడో తెలియాలి. అతని చేతిరాతతో ఒక ముక్కైనా ఉంటుందేమోనని డబ్బా చాప మీద బోర్లించింది. నలభై దాకా చీటీలు. అన్నీ ఊరివాళ్ళవే. ఎనోకాది ఒక్కటీ లేదు.

ఒక చీటీ తీసింది. "లేని శుక్రవారానికి జీతం ఇస్తారా?" ఇంకోటి. "నేను డిసెంబరు ముప్ఫైన పుట్టాను. ఈసారి నాకు ఇరవై ఏళ్ళు వచ్చినట్టా, రానట్టా?" మరొకటి, పెన్సిలుతో: "మా కోడి గుడ్లు పొదుగుతోంది. ప్రభుత్వం రోజు తీసేసింది కాబట్టి పిల్లలు ఒకరోజు ముందే వస్తాయా?"

లెపెకా నవ్వింది. గట్టిగానే నవ్వింది. పడుకున్న ఫిలిపా మోచేతి మీద లేచి మరదలి వైపు చూసింది.

"ఏమయింది నీకు?"

"కోడి వదినా! కోడికి చట్టం తెలీదు కదా!"

"నీకు తెలిసి ఏం బాగుపడ్డావు?"

"అది కాదు. కోడి సోమవారం మంగళవారం అని లెక్కపెట్టదు. ఇరవై ఒక్క రోజులు వెచ్చగా ఉంటే చాలు, గుడ్డు పగులుతుంది. క్యాలెండరులో ఏ పేరు కొట్టేసినా దానికి వెచ్చదనం తగ్గదు. రోజు పేరు వేరు, రోజు వేరు..."

సరిగ్గా అప్పుడే బాట చివర శంఖం మోగింది. సాయంత్రం ప్రార్థన శంఖం. అది మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ ఇంట్లోకి వెళ్ళి కూర్చోవాలి. పనిలేదు, నడకలేదు. ఊరిలో ఆ రోజుకి అదే ముగింపు.

లెపెకా ఒక్కసారిగా ఫిలిపా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఇది ఎన్నోది?"

"ఏది ఎన్నోది?"

"శంఖం! పెనియమీనాకి తీర్పు చెప్పిన సోమవారం నుంచి ఎన్నోది?"

ఫిలిపా వేళ్ళు మడిచింది. "సోమ, మంగళ, బుధ, గురు... నిన్న, ఇవాళ. ఆరు."

"ఆరే! ఏడు కాదు, ఆరే!" లెపెకా లేచి నిలబడింది.

"కూర్చో! శంఖం ఊదాక బయటికి పోతావా? పెనియమీనాతో పాటు మనల్నీ తరిమేస్తారు. కూర్చుని ప్రార్థన చెయ్యి."

లెపెకా కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఆ ఇంట్లో అంత పొడుగు ప్రార్థన అంతకు ముందెప్పుడూ జరగలేదని ఆమెకి అనిపించింది. ప్రార్థన అయిందని చెప్పే విడుపు శంఖం మోగగానే చెప్పులు కూడా వేసుకోకుండా పెనియమీనా ఇంటి వైపు పరిగెత్తింది.

సోమవారం పొద్దున ఫోనో కూడింది. పెద్ద ఇంట్లో ఎవరి స్తంభానికి వాళ్ళు చేరబడి పెద్దలు కూర్చున్నారు. మధ్యలో కావా అనే వేరు కషాయం ఉన్న గిన్నె. బయట గడ్డి మీద ఆడవాళ్ళు, వాళ్ళ ముందు వరసలో లెపెకా.

ఊరి తరఫున మాట్లాడేది లౌఫిసో. డెబ్భై ఏళ్ళవాడు, భుజం మీద ఈగలు తోలే పీచు కుచ్చు వేసుకుని ఉన్నాడు. గొంతు మాత్రం పాతికేళ్ళవాడిది.

"ఏడు రోజులన్నాం," అన్నాడు. "సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. ఒక చెయ్యి అయిపోయింది. శని, ఆది. ఏడు! గోడకేమో ఆరు బారల నోరు తెరిచి ఉంది. పెనియమీనా, మూటలు కట్టుకున్నావా?"

"శుక్రవారం రాలేదు పెద్దయ్యా," అన్నాడు పెనియమీనా.

"ఎందుకు రాలేదూ? వచ్చింది, వెళ్ళింది. నువ్వు నిద్రపోతున్నావు."

ఇల్లంతా నవ్వింది. పెనియమీనా నవ్వు ఆగేదాకా ఉండి, కాగితం తీసి ముందుకు జరిపాడు. అది చేతులు మారి ఊరి పెద్ద సేవుమాలో దగ్గరికి చేరింది. సేవుమాలో మాటలు తక్కువ మనిషి. కాగితం చూశాడు, తరవాత గడ్డి మీదికి చూశాడు.

"లెపెకా. ఇది నీ రాతేనా?"

"నాదే పెద్దయ్యా. తప్పు రాశాను. లేని రోజుకి పని పెట్టాను."

"లోపలికొచ్చి కూర్చో. ఎనోకా ఉండగా లెక్కల విషయాలు ఆయన్ని అడిగేవాళ్ళం. ఇవాళ నువ్వు చెప్పు."

లెపెకా లోపలికి వచ్చి చాప అంచున కాళ్ళు మడిచి కూర్చుంది. గొంతు బడిలో ఉన్నట్టే ఉంది.

"నేను ఒకటే అడుగుతాను పెద్దయ్యా. తీర్పు చెప్పిన దగ్గర్నించి మన ఊళ్ళో సాయంత్రం శంఖం ఎన్నిసార్లు ఊదారు?"

ఒకరిద్దరి వేళ్ళు మడుచుకోవడం కనబడింది. శంఖం ఊదే సిమి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. సేవుమాలో వాడి వైపు చూశాడు.

"ఆరు సార్లండీ," అన్నాడు సిమి. "ఒట్టు. నా పెదాలే చెబుతాయి."

"ఆరుసార్లు చీకటి పడింది," అంది లెపెకా. "ఆకాశంలో చంద్రుణ్ణి చూసినా అంతే. తీర్పు రోజు గోరంత ఉన్నాడు, నిన్న సగమయ్యాడు. మధ్యలో ఒక రాత్రి దూకెయ్యలేదు. పోయింది శుక్రవారం అన్న పేరు. పొద్దు పోలేదు."

"అసలు పేరు మాత్రం ఎందుకు తీసెయ్యాలమ్మా?" అని మూలనున్న ఒక ముసలి పెద్ద అడిగాడు. "ఎవరికి అడ్డమొచ్చింది?"

"మనం కొనేదీ అమ్మేదీ ఎక్కువ ఆస్ట్రేలియాతో, న్యూజీలాండుతో కదా. తేదీ మారే గీతకి ఇన్నాళ్ళూ మనం ఈ పక్క, వాళ్ళు ఆ పక్క. మనకి శుక్రవారమైతే వాళ్ళకి శనివారం, దుకాణం మూత. వాళ్ళకి సోమవారమైతే మనం ఆదివారం చర్చిలో ఉంటాం. ఫోను మోగుతుంది, తీసేవాళ్ళుండరు. వారంలో ఏడు రోజులున్నా ఇద్దరూ కలిసి పనిచేసేది నాలుగే. అందుకని మన రోజు పేర్లు వాళ్ళ పేర్లతో కలిపేశారు."

"మా తాత చెప్పేవాడు," అన్నాడు లౌఫిసో, ఇక దీనికి తిరుగులేదన్న ధీమాతో. "పూర్వం ఒకసారి ఒకే తేదీ రెండు రోజులు ఉందంట. ఇప్పుడు దాన్ని వెనక్కి ఇచ్చేశాం. లెక్క సరి. దేశానికే సరిపోయాక వీడికేంటి బాధ?"

"ఆ మాట నిజమే పెద్దయ్యా. అప్పుడు అమెరికాతో వ్యాపారం కోసం మార్చారు. జూలై నాలుగు రెండుసార్లు వచ్చింది. మరి ఆ రెండు రోజులూ మీ తాతగారు అన్నం ఒకసారే తిన్నారా?"

బయట ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. లౌఫిసో కూడా పెదవి బిగబట్టుకోవలసి వచ్చింది. కానీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పీచు కుచ్చు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చాడు.

"బాగుంది టీచరమ్మా. ఇంకొక్కటి చెప్పు. శుక్రవారం లేదన్నావు. ఆ శుక్రవారానికి పనివాళ్ళకి జీతం ఇవ్వాలని చట్టంలో రాశారా లేదా?"

"రాశారు."

"నీకూ వస్తుందా?"

"వస్తుంది."

"పుచ్చుకుంటావా?"

"పుచ్చుకుంటాను."

"అద్దీ! జీతానికైతే శుక్రవారం ఉంది, గోడకైతే లేదు! నీ శుక్రవారం భలే తెలివైందమ్మా, సంచి పట్టుకున్నప్పుడే వస్తుంది!"

ఈసారి నవ్వు లోపలి నుంచి వచ్చింది. పెనియమీనా తల వంచుకున్నాడు. గడ్డి మీద లూసియా నడుముకి చుట్టుకున్న లావలావా గుడ్డ కొస చీర చెంగులా నోట్లో కుక్కుకుంది.

లెపెకా వెంటనే మాట్లాడలేదు. ఎనోకా ఇలాంటి చోట ఆగేవాడు. ఎందుకు ఆగేవాడో అప్పుడు తెలిసింది. జవాబు కోసం కాదు, ప్రశ్న ఎంత మంచిదో చూసుకోవడం కోసం.

"మంచి ప్రశ్న," అంది. "జీతం ఎందుకిచ్చారంటారు పెద్దయ్యా? ఆ రోజు పనివాడు పని చేశాడనా?"

"చెయ్యలేదు. ఎలా చేస్తాడు?"

"మరి?"

లౌఫిసో పీచు కుచ్చుతో లేని ఈగని తోలాడు.

"రోజు తీసేసింది ప్రభుత్వం," అంది లెపెకా. "పనివాడు కాదు. తన తప్పు లేని దానికి తను నష్టపోకూడదని ఇచ్చారు. ఆ చట్టంలో ఉన్న న్యాయం అంతే, ఇంకేం లేదు. పెనియమీనా కూడా రోజు తీసెయ్యలేదు. నాకు వచ్చే జీతం న్యాయమైతే, అతనికి ఒక రోజూ న్యాయమే. అతనికి ఇవ్వొద్దంటే, నేను నా శుక్రవారం జీతం పుచ్చుకోకూడదు. పుచ్చుకోను. ఇక్కడున్న అందరూ, జీతాలు తెచ్చే మీ కొడుకులూ కూతుళ్ళూ కూడా..."

"ఆగాగు!" అన్నాడు మూల ముసలి పెద్ద. "మా అమ్మాయిని ఎందుకు లాగుతావు మధ్యలో?"

ఫోనో అంతా ఒక్కసారి గోలగా మాట్లాడింది. లౌఫిసో నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వు కాదు, మంచి ఆట చూసినవాడి నవ్వు. సేవుమాలో చెయ్యెత్తాడు.

"శుక్రవారం ఉందా లేదా అన్నది నేను చెప్పను. అది నాకన్నా పెద్దవాళ్ళ గొడవ," అన్నాడు. "ఈ ఊళ్ళో రోజుని మూసేది మన శంఖం. ఆరు ఊదారు. ఏడోది ఇవాళ సాయంత్రం ఊదుతారు. అది మోగేలోపు గోడ లేస్తే వాళ్ళు ఉంటారు. లేవకపోతే పోతారు."

లూసియా ఫోను తీసుకుని అప్పటికే లేచి పరిగెడుతోంది.

లారీ పదకొండుకి రావాలి. రాలేదు. పన్నెండుకి రాలేదు. ఒంటిగంటకి లూసియా అన్న ఫోనులో టైరు పగిలిందన్నాడు. పెనియమీనా ఆ మాట విని రాయి మీద కూలబడ్డాడు. లెపెకా కొబ్బరాకుల చుట్ట తలమీద పెట్టుకుని లావా నేల వైపు నడిచింది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది. ఫిలిపా.

"నువ్వెందుకు వదినా? నీ నడుము..."

"నడుము సంగతి నడుము చూసుకుంటుంది. నీ చేతిరాత చూసి ఊరు నవ్వుతుంటే నేనింట్లో కోకో తాగాలా? నడు, నడు. చిన్న రాయి నాకు, పెద్దది నీకు. తప్పు రాసింది నువ్వు."

మూడింటికి లారీ వచ్చింది. అర మైలు దూరం నుంచే హారను మోగించుకుంటూ, వెనక ఇరవై మంది పాటలు పాడుకుంటూ, నల్లరాళ్ళ మీద కూర్చుని వచ్చారు. ఇంకా బండి ఆగకముందే దూకారు. ఒకడు కింద వరస పేరుస్తుంటే ఇంకొకడు పైన సందులు పూడుస్తున్నాడు. రాయి చేతి నుంచి చేతికి ఎగురుతోంది. "ఇటు! ఇటియ్యి! అది కాదురా మొద్దూ, చదరంగా ఉన్నది!" ఒక బార లేచింది. రెండు. పాస్టరుగారి భార్య తన పాడైపోయిన తోటలోంచే మిగిలిన చేమదుంపలు ఏరి ఉడికించి పంపింది. తింటూనే కట్టారు. మూడు బారలు. పిల్లలు గులకరాళ్ళు బుట్టలతో తెచ్చి పోస్తున్నారు. నాలుగు.

ఎండ పచ్చబడింది. ఊరంతా గోడ దగ్గరే ఉంది. లౌఫిసో చెట్టు నీడన చాప పరిపించుకుని, "ఆ రాయి వంకర. పంది కూడా నవ్వుతుంది. తీసి మళ్ళీ పెట్టు!" అని అరుస్తున్నాడు. పెట్టారు. సూర్యుడు సముద్రానికి మూరెడు ఎత్తులో ఉన్నప్పుడు ఐదో బార పూర్తయింది.

సిమి శంఖం పట్టుకుని వచ్చాడు.

"ఇంకొంచెం ఆగరా!" అని అందరూ ఒక్కసారి అరిచారు.

"నేనెలా ఆగుతాను? సూర్యుణ్ణి ఆగమనండి!"

రాళ్ళు అయిపోవచ్చాయి. లారీ అడుగున మిగిలినవి దొర్లించారు. లెపెకా మోకాళ్ళ మీద కూర్చుని చివరి వరస కింద సందుల్లో గులక కుక్కుతోంది. గోళ్ళలోంచి రక్తం వచ్చింది, ఆమె గమనించలేదు. సూర్యుడి అంచు నీటిని తాకింది. సిమి శంఖం ఎత్తి పెదాలకి ఆనించాడు.

"ఒరే సిమీ," అన్నాడు లౌఫిసో చాప మీంచి కదలకుండా. "పొద్దుట్నించీ నీళ్ళు తాగావా?"

"తాగాను పెద్దయ్యా."

"పెదాలు ఎండిపోయి ఉన్నాయిరా. ఎండిన పెదాలతో ఊదితే శంఖానికి అవమానం. పోయి తాగి రా. పోరా!"

సిమి శంఖం దించి, ఎందుకో ఆలస్యంగా అర్థమై, తొట్టి దగ్గరికి చాలా నెమ్మదిగా నడిచాడు. దోసిలితో ఒకసారి తాగాడు. రెండోసారి తాగాడు. పెనియమీనా, అతని తమ్ముళ్ళూ కలిసి పెద్ద రాయి ఎత్తి పైవరస చివర దించారు. అది కూర్చుంది. ఎవరో ఊపి చూశారు. కదల్లేదు.

ఏడో శంఖం మోగింది.

ఎవరూ అరవలేదు. శంఖం మోగాక అరవకూడదు. ఎక్కడివాళ్ళు అక్కడే, దుమ్ములోనే, గోడకి వీపులు ఆనించి కూర్చుని తలలు వంచారు. లూసియా భుజాలు అదురుతున్నాయి. లెపెకా పక్కన ఫిలిపా కూర్చుంది. ప్రార్థన ముగిసి విడుపు శంఖం మోగగానే లేచిన కేకలకి చెట్ల మీద గబ్బిలాలు ఒక్కసారి లేచాయి.

సేవుమాలో గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. తోటలకి పోయే బాట దగ్గర ఆగాడు. అక్కడ మనిషి పట్టేంత సందు వదిలారు. సందుకి రెండు పక్కలా రాయి ఉంది, మధ్యలో ఏమీ లేదు.

"ఇది?" అన్నాడు.

పెనియమీనా వచ్చి ఆ సందులో నిలబడ్డాడు. "తీర్పులో గోడే అన్నారు పెద్దయ్యా. తడక సంగతి..."

"అవునవును, గోడే అన్నాం," అన్నాడు లౌఫిసో వెనక నుంచి. "నా నోటితో నేనే చెప్పాను. తడక అనలేదు."

సేవుమాలో ఇద్దర్నీ చూసి ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టే.

మంగళవారం పొద్దున పెనియమీనా తడకకి కర్రలు కొట్టడానికి అడవికి పోయాడు. పందులకి తీర్పు మాటలు తెలియవు కాబట్టి అంతదాకా ఆ సందులో ఎవరో ఒకరు కూర్చోవాలి. బడికి సెలవు, వంతు లెపెకాది. కట్టు కట్టిన వేళ్ళతో కర్ర పట్టుకుని రాయి మీద కూర్చుంది. తోటలకి పోయేవాళ్ళు ఆమెని దాటి పోవాలంటే ఆగాల్సిందే. ఆగినవాళ్ళు ఊరికే ఉండలేదు.

"టీచరమ్మా, నేను ముప్ఫైన పుట్టాను. నాకు ఇరవై వచ్చినట్టా కాదా?"

"నువ్వు పుట్టాక భూమి సూర్యుడి చుట్టూ ఇరవైసార్లు తిరిగింది. క్యాలెండరు చూసి తిరగలేదు. వచ్చినట్టే. వెళ్ళి పని చూసుకో."

"మరి మా కోడి సంగతి?" అని వెనకున్నామె.

"చెబుతాను. ముందు ఆ పందిని తోలు, నీ కాళ్ళ మధ్య నుంచి దూరుతోంది!"

మధ్యాహ్నానికి పెనియమీనా కర్రలు తెచ్చాడు. కట్టడానికి తాడు చాల్లేదు. తడక ఇంకా కట్టలేదు. లెపెకా ఆ రాయి మీదే సర్దుకుని కూర్చుని, తరవాతి ప్రశ్న ఎవరిదని అడిగింది.